కొబ్బరికాయకి ఓడిన వస్తాదు

కళింగపట్నం సముద్రం ఒడ్డున, ఊరు ఊరంతా చూస్తుండగా, నా భార్య నన్ను కాలితో తన్నింది. తప్పు ఆవిడది కాదు. నేనే అడిగి మరీ తన్నించుకున్నాను. ఇంతకంటే పరువు తక్కువ సంగతి మీకెవరికైనా జరిగి ఉంటే చెప్పండి, నేను ఇక్కడితో ఆపేస్తాను. లేదు కదా? అయితే వినండి.

అప్పటికి మాకు పెళ్ళయి ఏడాది కాలేదు. నేను నరసన్నపేటలో లెక్కల మాస్టర్ని. మా అత్తవారు కళింగపట్నంలో చేపల వేట మీద బతికేవాళ్ళు. ఆ ఇంట్లో మగవాళ్ళ చేతులు చూస్తే నా తొడలు సిగ్గుపడతాయి. ఒకసారి సరదాకి వాళ్ళతో పాటు వల తాడు పట్టుకున్నాను. మా బావమరిది ఎర్రయ్య నా చేతిలోంచి తాడు మెల్లిగా తీసేసుకుని, "బావా, నువ్వెళ్ళి ఫొటోలు తియ్యి. ఆ పని బాగా సేస్తావు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అందుకే మరీ మండింది.

అంతలో మావగారు కొత్త బోటు కొన్నారు. దాన్ని మొదటిసారి నీళ్ళలోకి దింపే రోజు అల్లుడి హోదాలో కొబ్బరికాయ నేనే కొట్టాలి, తొయ్యడానికి అందరికంటే ముందు భుజం నేనే ఆనించాలి. ఇంకేం, ఆ రోజుకి కండలు పెంచి ఎర్రయ్య నోరు మూయించాలని జిమ్ములో చేరాను.

"మాస్టారూ, బరువెత్తేటప్పుడు నడుం వంచకండి, మోకాళ్ళు వంచండి" అని అక్కడి కోచ్ రోజూ మొత్తుకునేవాడు. నేనూ బడిలో రోజూ మొత్తుకునేవాణ్ణే కనుక, మొత్తుకునేవాళ్ళ మాట ఎవరూ వినరని నాకు బాగా తెలుసు. బోటు దింపే ముందురోజు అద్దంలో నన్ను నేను మెచ్చుకుంటూ, ఒక పెద్ద బరువుని నడుం వంచి ఎత్తాను. నడుంలో ఎవరో తడిబట్ట పిండినట్టయింది. బరువు కింద పడింది. నేను పడలేదు. పడాలన్నా కాస్త వంగాలి కదా, అదీ కుదరలేదు.

ఇంటికి రాగానే మా ఆవిడ రత్నం ఎగాదిగా చూసింది.

"ఏటండీ, అలా కొయ్యబారిపోనారు?"

"జిమ్ముకెళ్తే మనిషి ఇలాగే నిటారుగా అవుతాడు."

"అయితే మాత్రం, బూట్లు కూడా నిలబడే ఇప్పుతారేటి?"

నిజం చెబితే ఎర్రయ్యకి తెలుస్తుంది. అందుకని చెప్పలేదు. లోపల మాత్రం ఒకటే భయం. డిస్కు జారిపోయిందేమో, ఆపరేషన్ తప్పదేమో, ఇక బోర్డు కింది సగంలో జన్మలో లెక్క రాయలేనేమో! మర్నాడు కళింగపట్నం వెళ్ళే దారిలో ఆటో గోతిలో పడ్డప్పుడల్లా నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. ఒక్కరూ పలకలేదు.

ఒడ్డున బోటు పసుపు, కుంకుమ, బంతిపూల దండలతో పెళ్ళికూతురిలా ఉంది. ఇసకలో పళ్ళెం, పళ్ళెంలో కొబ్బరికాయ.

"అల్లుడుగారూ, కాయ కొట్టండి" అన్నారు మావగారు.

వంగాను. పళ్ళు బిగబట్టి వంగడం అయితే బ్రహ్మాండంగానే వంగాను. లేవడమే కుదరలేదు.

"మాస్టారికి ఎంత భత్తో సూడండి! గంగమ్మ తల్లికి ఎంత సేపు దండం ఎడతన్నాడో!" అంది ఒక ముసలమ్మ.

ఎర్రయ్య కాసేపు చూసి, "బావా, గంగమ్మ ఇన్నాది గానీ ఇంక లెగు" అన్నాడు.

"ఎర్రయ్యా, లేవలేకపోతున్నానయ్యా."

బోటు తొయ్యడానికొచ్చిన వాళ్ళంతా దాన్ని వదిలేసి నన్ను మోసి, ఇసకలో బోర్లా పడుకోబెట్టారు. మావగారు నా నడుం తడిమి, "పట్టేసినాది. ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళు ఒక్క తన్ను తంతే ఇడిసిపోతాది" అన్నారు.

మా వైపు ఆ నమ్మకం ఉంది లెండి. తల ముందు కాకుండా కాళ్ళు ముందుగా పుట్టినవాళ్ళ కాలికి నడుం నొప్పులు భయపడతాయట. ఎవరున్నారబ్బా అలా పుట్టినవాళ్ళు అని నేను తల తిప్పేసరికి, ఊరంతా రత్నం వైపే చూస్తోంది. పెళ్ళిచూపుల్లో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు!

"ఓలమ్మో, మొగుణ్ణి తన్నకూడదే!" అంది అత్తగారు.

"తన్నకపోతే ఇలాగే వంగుండిపోతాడు. అది బాగుంటాదేటి?" అన్నారు మావగారు.

రత్నం నా చెవి దగ్గర కూర్చుంది. "ఏటండీ, తన్నేదా?"

"తన్ను."

"తర్వాత మనసులో ఎట్టుకోకూడదు."

"పెట్టుకోను, తన్ను తల్లీ!"

తన్నింది. అందులో మా ఇన్నాళ్ళ కాపురం అంతా ఉంది. నా నోట్లోకి గుప్పెడు ఇసక వెళ్ళింది కానీ, నడుం ఉన్నచోటే ఉంది.

"సరిగ్గా తగల్నేదు. కదలకండి, కొంగు బిగించి మళ్ళీ తంతాను" అంది.

అంతే! ఎలా లేచానో నాకే తెలియదు. నిటారుగా నిలబడి ఉన్నాను. "లెగిసిపోనాడు!" అని ఒడ్డంతా ఈలలు, కేకలు. రత్నం గభాలున నా కాళ్ళు ముట్టుకుని కళ్ళకద్దుకుంది. తలెత్తితే కళ్ళనిండా నీళ్ళు. "నాకెందుకు సెప్పనేదు? ఎంత భయమేసిందో తెలుసా?" అంది. ఆ మాటకి నాకు నడుం నొప్పి కంటే ఎక్కువ సిగ్గేసింది. ఎర్రయ్య నా భుజం పట్టుకుని, "బోటు మేం తోసుకుంటాం బావా. నువ్వు నిలబడ్డావు, అదే సాలు" అన్నాడు. వెక్కిరించనే లేదు! బోటు అలల మీదికి ఎక్కుతుంటే అందరికంటే గట్టిగా నేనే అరిచాను.

మర్నాడు నడుం మళ్ళీ మూలిగితే శ్రీకాకుళంలో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన అటూ ఇటూ వంచి చూసి, "డిస్కు కాదు, కండరం పట్టేసింది. కొన్నాళ్ళు బరువులు మానండి. తర్వాత సరిగ్గా ఎత్తడం నేర్చుకోండి" అన్నాడు.

హమ్మయ్య! బతికుండగానే మళ్ళీ పుట్టినట్టనిపించింది, అదీ తల ముందుగా. రత్నం అక్కడే చేతులెత్తి దండం పెట్టేసి, ఆ సంతోషంలో తన్నిన సంగతి కూడా చెప్పేసింది.

డాక్టరు మండిపడ్డాడు. "చదువుకున్నవాళ్ళు చేసే పనేనా? నిజంగా డిస్కే అయ్యుంటే ఏమయ్యేది?" అని మా ఇద్దరినీ కడిగేశాడు. ఇద్దరం తలలు దించుకుని లేచాం. గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి గొంతు తగ్గించి పిలిచాడు.

"అమ్మా, ఒక్క మాట. తన్నింది కుడికాలా, ఎడమకాలా? పొద్దస్తమానం ఈ కుర్చీలో కూర్చుని నాకూ ఇక్కడ ఒకటే సలుపు."

రత్నం అప్పటికే కొంగు బిగిస్తోంది. నేను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

కాబట్టి పాఠకులారా, సముద్రుడి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై ఏ బరువెత్తినా మోకాళ్ళు వంచే ఎత్తుతాను. నొప్పంటూ వస్తే అందరికంటే ముందు మా ఆవిడకే చెబుతాను. చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ కాలికి అందనంత దూరంలో నిలబడి చెబుతాను.