తొడిమ చూసి కొన్న పెట్టె

“గుద్దుకున్న కార్లోంచి పీకిన పెట్టెకి డబ్బు తగలేశావా? ఊరికే ఇచ్చినా వద్దనాల్సింది!”

“ఇది హైబ్రిడ్ కార్ ఇన్వర్టర్ అమ్మమ్మా. నా పాత కార్‌ని ఎలక్ట్రిక్‌గా కన్వర్ట్ చేస్తున్నాగా, మోటార్‌కి కరెంట్ ఇచ్చేది ఇదే! ఎంతయిందని తప్ప ఇంకేం అడగవు నువ్వు.”

ఉన్న కారు విప్పేసుకుని, మా రమ్య ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని నన్ను మా ఊరు షామ్‌బర్గ్ వెళ్ళే బస్సెక్కించింది. మా గొడవ విని ముందు సీట్లోని తెలుగావిడ వెనక్కి తిరిగింది. చీర మీద స్వెట్టరు, కాళ్ళకు బూట్లు. నా ఈడుదే.

“పాత కార్ల యార్డ్‌లో ఇలాంటి పెట్టెలు బోలెడుంటాయి కదమ్మా, ఇదే ఎందుకు ఏరావు?” అని అడిగింది.

రమ్య మొహం వెలిగిపోయింది. “ఇది వెనకనుంచి గుద్దించుకున్న కార్‌ది ఆంటీ. ఈ పెట్టె ఉండే ముందువైపు దెబ్బ తగల్లేదు. మిగతావాటికి వైర్లు మొదలంటా కోసేశారు, దీనికి ప్లగ్గులన్నీ ఉన్నాయి. వంకాయ తొడిమ చూసి కొన్నట్టు కొన్నాను!”

ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు.

నాకు ఒళ్ళు మండింది. వంకాయకు తొడిమ చూడాలని దానికి నేర్పింది నేను. ఆ మాట పట్టుకెళ్ళి, ఎవరో దారినపోయే ఆవిడకు చెప్పి నవ్వించింది. పైగా నా ఈడు మనిషి ఆంటీ అట!

దిగేటప్పుడు ఆవిడ రమ్య బుగ్గ పుణికింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్న గరాజ్‌లోకి వెళ్ళి, “ఏదే, దాని తొడిమ చూపించు,” అన్నాను. రమ్య నాకో స్టూలు లాగి వేసింది.