ఒకే ధరకు లావు తీగ

మా ఇంట్లో ఇనుప తీగను తరతరాలుగా తూకానికే అమ్మారు. చిత్తూరు బజారువీధిలో మా అంగడి ముందుభాగంలో కాటా, దాని వెనక మేకుల డబ్బాలు, గోడకు చుట్టలు చుట్టలుగా తీగ. లావుదైనా సన్నదైనా కిలో లెక్కే. చేతికి బరువు తగిలిందా లేదా అన్నదే మాకు తెలిసిన న్యాయం. నలభై దాటాక నాకు ఎలక్ట్రిక్ గిటార్ పిచ్చి పట్టింది. అప్పుడు కూడా ఆ న్యాయాన్నే వెంటబెట్టుకుని తిరుపతి వెళ్లి, తీగలు బేరమాడి, గెలిచి వచ్చాను. ఆ బేరంలో నా ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు కూడా కాటా మీద ఉన్నాయని అమ్మినవాడికీ తెలియదు, నాకూ తెలియదు.

గిటార్ అప్పటికే ఉంది. పెళ్లి రిసెప్షన్లలో వాయించడం మానేసిన ఒకాయన దగ్గర కొన్నాను. దాని మీద ఉన్నవి సన్న తీగలు, తుప్పు మరకలు పడినవి. ఆదివారం మధ్యాహ్నం అంగడి మూసి, మిద్దె మీది రేకుల గదిలో కూర్చుని, ఏడు నెలల పాటు ఆ తీగల మీదే ఒక పాత పాట నేర్చుకున్నాను. ఒక్కటే పాట. కానీ మొదటి నుంచి చివరిదాకా తడబడకుండా వచ్చేది. పుట్టిన నాటి నుంచి నేను చేసిన పనుల్లో ఎవరికీ అమ్మాల్సిన అవసరం లేనిది అదొక్కటే.

తుప్పు తీగలు మార్చాలని వెళితే, వాయిద్యాల అంగడాయన బల్ల మీద రెండు ప్యాకెట్లు పెట్టాడు. ఒకదాని మీద తొమ్మిది, రెండోదాని మీద పదమూడు. ఆరు తీగల్లో అన్నిటికంటే సన్నది ఎంత లావుందో ఆ అంకె చెబుతుందట. అంకె పెరిగేకొద్దీ తీగ లావు.

"రేటు?" అన్నాను.

"రెండూ ఒగటే రేటప్పా."

"లావుదీ అదే, సన్నదీ అదేనా?"

"అదే."

రెండు అరచేతుల్లో రెండు ప్యాకెట్లు పెట్టుకుని ఆడించి చూశాను. పదమూడు బరువు తెలుస్తూనే ఉంది.

"మీ దగ్గర కాటా ఉండాదా?"

"ఇదేమన్నా ఇనపంగడా?"

"మాది ఇనపంగడే."

ఆయన నవ్వాడు. పదమూడు ప్యాకెట్‌ను తీసుకుని చొక్కా అంచుతో ఒకసారి తుడిచి మళ్లీ నా చేతికిచ్చాడు. "పని తెలిసినోళ్లు దీన్నే అడుగుతారు. శబ్దం నిండుగా వస్తాది. కొత్తోళ్లు తొమ్మిదితో సరిపెట్టుకుంటారు."

"నేను కొత్తోడినని యాడన్నా రాసుండాదా?"

"లేదులేప్పా. అందుకే చూపించినాను."

అక్కడే నాకు అర్థం కావలసింది. మా అంగట్లో పదేళ్లు కదలని ఇత్తడి గొళ్లేలను నాయన ఇదే మాటతో వదిలించేవాడు, ఇలాగే తుడిచి చేతికిచ్చేవాడు. తిరుపతిలో పదమూడు నంబరు తీగలు కొనే మనిషి లేడు. కానీ నాకు దుమ్ము కనబడిందే తప్ప దాని అర్థం కనబడలేదు. దుమ్ము పట్టింది కాబట్టి తగ్గించమన్నాను. డబ్బా మొత్తం తీసుకుంటే తగ్గిస్తానన్నాడు. ఎంతసేపు మొండికేయాలో అంతసేపు మొండికేసి, పన్నెండు ప్యాకెట్లు ఇచ్చి, మంచినీళ్లు కూడా తాగించి పంపాడు.

చిత్తూరులో బస్సు దిగి నేరుగా అంగడికి వెళ్లాను. నాయన ఒక ప్యాకెట్ కాటాలో వేసి, నేను నమూనాకు తెచ్చిన తొమ్మిది నంబరు ప్యాకెట్ ఇంకోవైపు వేశాడు. పదమూడు వైపు పళ్లెం దిగింది.

"ఒగే రేటుకు ఇంత లోహం జాస్తి ఇచ్చినాడంటే, వానికి యాపారం తెల్దురా," అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పూట బజారువీధిలో వ్యాపారం తెలియనివాళ్లు ఇద్దరే ఇద్దరు. ఇద్దరూ ఆ కాటా దగ్గరే ఉన్నారు.

ఆదివారం తీగలు మార్చడానికి కూర్చున్నాను. లావు తీగ సైకిల్ బ్రేకు వైరులా ఉంది. గిటార్ మెడ చివర తీగలు కూర్చునే తెల్లటి ముక్కలో గాడి దానికి సరిపోలేదు. సరిపోకపోవడం మా వంశంలో పెద్ద సంగతి కాదు. అంగట్లోంచి సన్న ఆకురాయి తెచ్చి గాడులను అరగదీశాను. శృతికి బిగిస్తుంటే కుడిచేతి కింద తీగలను పట్టి ఉంచే వంతెన పైకి లేచింది. వెనక మూత విప్పితే మూడు స్ప్రింగులు కనబడ్డాయి. మా డబ్బాల్లో వెతికి ఇంకో రెండు వేశాను. వంతెన అణిగింది. అప్పుడు మెడ వంగింది.

కొత్త వాసం వంకర చూసినట్టు ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూశాను. విల్లులా ఉంది. తీగలకూ మెడ మీది మెట్లకూ మధ్య పెన్సిలు పట్టేంత సందు. మెడ లోపల ఒక ఇనుప కమ్మీ ఉంటుందనీ, దాన్ని బిగిస్తే మెడ నిటారవుతుందనీ ఫోనులో చూశాను. దాన్ని తిప్పే అలెన్ కీ మన సరుకే. పావు చుట్టు తిప్పాను. కొయ్యలో ఎక్కడో 'టిక్' మంది. ఇంకో పావు చుట్టు. మళ్లీ 'టిక్'. బేరంలో ఎదుటివాడు దిగివస్తున్నప్పుడు వినబడే గొణుగుడు అనుకుని, ఇంకొంచెం తిప్పాను.

ఆ రోజు నుంచి పాట చివరిదాకా రాలేదు. సన్న తీగ మీద వేలు పెడితే చాలు, స్వరం పలికేది. పక్కకు తోస్తే పైకి జారేది. ఈ తీగ తుప్పుపట్టిన షట్టర్‌లా ఉన్నచోటే ఉంది. మోచేయి మడిచి ఒంటికి అదిమిపట్టి, బొటనవేలు గిటార్ మెడ వెనక అదిమి, భుజం చెవిదాకా లేపి నొక్కేవాణ్ని. వేళ్ల కొనలు బొబ్బలెక్కి, పగిలి, గట్టిపడ్డాయి. అంగడికి వచ్చినవాళ్లకు వాటిని చూపించుకునేవాణ్ని కూడా. మేకులు కొనవచ్చినవాడు ఇవన్నీ ఎందుకు వింటున్నాడో పాపం వాడికే తెలియాలి.

మా ఆవిడ ఒకసారి వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఆ సన్నవి ఒగ ప్యాకెట్టు ఉండాది గదా, అవి వేసుకోవచ్చు గదా."

"ఇవి ఇంగా పదకొండుండాయి."

"అంగట్లో మేకులు బస్తాలు బస్తాలుండాయి. అన్నీ నువ్వే కొట్టుకుంటావా?"

"శబ్దం విన్నావా ఎంత నిండుగా ఉండాదో?"

"నీ మొహం నిండుగా ఉండాది. నొప్పితో."

నొప్పి ఉన్నన్నాళ్లు బాగానే ఉంది. ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున చిటికెన వేలికి తిమ్మిరి పట్టింది. దులిపితే పోయింది. తర్వాత వారం దులిపినా పోలేదు. మేకులు గుప్పిట్లోకి తీసుకుంటే చివరి రెండు వేళ్ల సందులోంచి జారి పడేవి. ఒకరోజు టీ గ్లాసు చేతిలో ఉందనుకుని మాట్లాడుతూనే ఉన్నాను. అది కాళ్ల దగ్గర పగిలి ఉంది.

ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం మేం కింద అన్నం తింటుంటే పైన రేకుల గదిలోంచి ఒక్క తీగ 'టుంగ్' మనేది. గోడకు వేలాడేసిన గిటార్ ఎండకు తనంతట తానే కదిలేది. మొదటిసారి మా ఆవిడ ముద్ద నోటి దగ్గరే ఆపి, "పైన ఎవరుండారు?" అంది. ఎవరూ లేరన్నాను. సాయంత్రం వెళ్లి చూస్తే మెడ మళ్లీ వంగి ఉండేది. నేను మళ్లీ పావు చుట్టు బిగించేవాణ్ని.

చేతికి ఏమైనా మా వైపు జనం పుత్తూరు వెళతారు. ఎముకలు కట్టేవాళ్లకు ఆ ఊరు పేరు. సరుకు పని మీద తిరుపతి వెళ్లిన రోజు అటునుంచి అటే పుత్తూరు బస్సెక్కాను. సీటు లేదు. ఎడమచేత్తో పైకమ్మీ పట్టుకుని నిలబడ్డాను. వడమాలపేట దగ్గర బస్సు బ్రేకు వేస్తే ముందాయన వీపు మీద పడ్డాను.

"పట్టుకోని నిలబడప్పా," అన్నాడాయన.

"పట్టుకోనే ఉండాను," అని పైకి చూశాను. కమ్మీ మీద చేయి లేదు. ఎప్పుడు జారిందో, నా పక్కన వేలాడుతోంది.

పుత్తూరులో కట్టు కట్టే పెద్దాయన నన్ను చాప మీద కూర్చోబెట్టి మణికట్టు, మోచేయి, ఒక్కొక్క వేలి కణుపు నొక్కి చూశాడు. "ఎముక బాగుండాది. కీలు బాగుండాది," అన్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. "కండ్లు మూసుకో," అన్నాడు.

మూసుకున్నాను. కాసేపు ఆగి, "ఎప్పుడు ముట్టుకుంటారు?" అని అడిగాను.

కళ్లు తెరిచేసరికి ఆయన వేళ్ల మధ్య చీపురు పుల్ల ఉంది. నా చిటికెన వేలి కొన మీద ఆనించి ఉంది.

"ఇది మా పని కాదు నాయనా. నరం సంగతి. ఈ పొద్దే డాక్టర్‌కు చూపించు."

"అంత దూరం నుంచి వచ్చినాను. కట్టన్నా కట్టండి."

"ఇరగనిదానికి కట్టా?"

"నూనెన్నా ఇయ్యండి, రుద్దుకుంటాను."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "నువ్వు యాపారస్తుడివా?"

"ఎట్ల తెలిసింది?"

"కావాల్సింది మా దగ్గర లేదంటే, ఉండేదాంట్లోనే ఏదో ఒగటి ఇమ్మంటాండావు." పుల్ల పక్కన పడేసి తర్వాతి మనిషిని పిలిచాడు.

ఆ పొద్దు డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. మామిడికాయల కాలం. పెట్టెలు కొట్టే మేకులకు అంగడి ముందు జనం. నాయన ఒక్కడే చూసుకోలేడని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, ఎముక బాగుందన్న మాట ఒక్కటే పట్టుకుని, నరం అన్న మాట పుత్తూరులోనే వదిలేసి వచ్చాను. కావలసింది ఉంచుకుని తక్కింది వాపసు ఇవ్వడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆదివారాలు వాయిస్తూనే ఉన్నాను. చివరి వేళ్లు పట్టకపోతే మోచేయి ఇంకా మడిచి, ఇంకా అదిమి.

కాయల కాలం ముగిశాక చిత్తూరులోనే ఒక డాక్టర్ దగ్గరికి వెళ్లాను. చేతికి వైర్లు తగిలించి కరెంటు పెట్టి చూశారు. మణికట్టు దగ్గర పెడితే చిటికెన వేలు అరకొరగా ఎగిరింది. మోచేతి పైన పెడితే అసలు ఎగరలేదు.

"ఎన్నాళ్ల నుంచి ఇట్లుంది?" అని అడిగాడు డాక్టర్.

"రెండు నెలలు సార్." నాలుగు దాటాయి. అంకె ఏదైనా సగం చేసి మొదలుపెట్టడం నాకు నాలుక మీద ఉంటుంది.

ఆయన నా చేతిని తిప్పి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య, అరచేతి వెనకవైపు వేలితో తట్టాడు. అక్కడ కండ లేదు. గుంట ఉంది. కుడిచేయి పక్కన పెడితే అది ఎవరో వేరే మనిషి చేయిలా ఉంది.

"ఈ గుంట రెండు నెలల్లో పడేది కాదు," అన్నాడు.

మోచేతి దగ్గర నరం నలిగిందన్నాడు. వాయించడం మానాలి, మోచేయి మడవకూడదు, మూడు నెలలు చూసి తగ్గకపోతే కోత.

"వేళ్లకు తెలివి తిరిగి వస్తాది గదా సార్?"

"రావచ్చు."

"ఖాయంగా చెప్పండి."

"చెప్పలేను."

"మీరు ఎంతమందిని చూసుంటారు. ఒక చివరి మాట చెప్పండి."

"ఇదే చివరి మాట," అని ఆయన చీటీ రాయడం మొదలుపెట్టాడు. లేచి నాలుగడుగులు వేస్తే వెనక్కి పిలుస్తారేమోనని ఆశపడ్డాను, అబద్ధం ఎందుకు. పిలవలేదు.

మూడు నెలలు గిటార్ ముట్టలేదు. డాక్టర్ కొంచెం మెరుగని, ఐదు నిమిషాలు వాయించి చూడమన్నాడు. లావు తీగలు విప్పి తొమ్మిది నంబరువి వేశాను. ఇప్పుడు మెడ వెనక్కి విరుచుకుపోయింది. కమ్మీ వదులు చేశాను, స్ప్రింగులు తీశాను. ఒక్కటి మాత్రం సరికాలేదు. నేను ఆకురాయితో అరగదీసిన గాడులు సన్న తీగలకు మరీ వెడల్పు. వాటిలో తీగ అటూ ఇటూ కదులుతూ గరగరమనేది.

పాట మొదలుపెట్టాను. లావు తీగకు అలవాటైన వేళ్లు ఇంత సన్నదాన్ని కూడా అదిమేస్తున్నాయి, ప్రతి స్వరం కాస్త పైకి పోతోంది. కొంచెం కొంచెంగా చేయి తేలిక చేశాను. ఉంగరపు వేలు తీగ మీద పడిందో లేదో కంటితో చూసుకుంటేనే తెలుస్తోంది. మొదటి చరణం అట్లా చూసుకుంటూనే వాయించాను. రెండో చరణానికి ధైర్యం వచ్చింది. తల ఎత్తి కిటికీలోంచి వీధిలోకి చూస్తూ వాయించాను. పాట చివరిదాకా వచ్చింది. తొమ్మిది పది నెలల తర్వాత, చివరిదాకా.

మా ఆవిడ కాఫీతో వచ్చి గుమ్మంలో ఆగింది.

"చెయ్యి సూసుకున్నావా?"

చూశాను. ఉంగరపు వేలి కొన అడ్డంగా తెగి ఉంది. ఇన్నాళ్లు వాయించక మెత్తబడిన చర్మం, జారేటప్పుడు సన్న తీగకు కోసుకున్నట్టుంది. గిటార్ మెడ మీద అయిదారు మెట్ల పొడుగునా ఎర్రటి చారలు. కొన్ని అప్పటికే ఆరి నల్లబడ్డాయి.

ఆమె గ్లాసు కింద పెట్టి, కొంగుతో వేలు చుట్టి గట్టిగా పట్టుకుంది. ఎంత గట్టిగానో ఆమె గోళ్లు తెల్లబడటం చూసే తెలుసుకున్నాను.

"నొప్పిగా ఉండాదా?" అంది. నా ముఖంలోకే చూస్తోంది.

"ఉండాది. చానా నొప్పిగా ఉండాది," అన్నాను.

ఆమె ముఖం కొంచెం తేటపడింది. పట్టు వదులు చేసింది.