అమ్మ గోచీ కట్టు, నాలుగు ఫోటోలు

మా స్టూడియో విదేశీ కంపెనీలకు ఫైటింగ్ గేముల్లోని మనుషుల్ని కంప్యూటర్లో తయారుచేసి పంపేది. చేరిన రెండో ఏడు నాకొక పని ఇచ్చారు: భారతీయ స్త్రీ, చీర, కాళ్లతో పోరాడాలి.

చీర అనగానే గదిలో అందరూ తల పట్టుకున్నారు. కాలు పైకెత్తితే మోకాలు బట్టలోంచి పొడుచుకొస్తుంది. రాకుండా ఉండాలంటే, బొమ్మ ఒంట్లో పెట్టినట్టే బట్టకి కూడా లోపల ఎముకలు పెట్టి కదిలించాలి. అది ఖర్చు. ఆడ ఫైటర్లకి బట్టలు తక్కువ ఎందుకంటే మాకు చెప్పే కారణం అదే. నేను నమ్మాను.

నాకు అమ్మ కట్టు తట్టింది. అమ్మ మునిసిపాలిటీ మనిషి, భవానీపూర్‌లో రోడ్లు ఊడుస్తుంది. పనికి బయలుదేరే ముందు కుచ్చెళ్ల కొస కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి నడుములో దోపుతుంది. శ్రీకాకుళం నుంచి అమ్మమ్మతో వచ్చిన గోచీ కట్టు. బట్ట రెండు కాళ్లకీ విడివిడిగా అంటుకుని ఉంటుంది. అదనపు ఎముకలు: సున్నా.

ఫోటోలంటే అమ్మ ఒప్పుకోలేదు.

"పెళ్లిలో తియ్యి. ఈ పని బట్టల్లో ఏటిరా? ఎవుడైనా సూస్తే నవ్వుతాడు."

"నవ్వరమ్మా. ఆటలో నీలాంటి ఆవిడ మగాళ్లని తన్నుతాది."

"అయితే మాకు పనులు పంచే సర్దారుని కూడా అందులో ఎట్టు."

చీపురు కనబడకూడదని తలుపు వెనక దాచి వచ్చి నిలబడింది. నాలుగు వైపులా నాలుగు తీశాను. "బొమ్మయ్యాక ఇవి తీసేయాల" అంది. సరేనన్నాను.

మోడల్ పది రోజుల్లో అయింది. ఎంత ఎత్తు తన్నినా మోకాలు బట్ట దాటలేదు. కంపెనీ నుంచి సవరణలు వచ్చాయి.

ఒకటి, భుజాలు, పిక్కలు సన్నబడాలి. రెండు, నడుము సగం కావాలి. మూడు, గోచీ వద్దు. నాలుగు, చీర తొడపైదాకా చీలి ఉండాలి. ఐదు, పైట గాలికి ఎగరాలి.

ఎగిరే పైటకి పద్దెనిమిది ఎముకలు పట్టాయి. ఎవరూ ఖర్చన్న మాట ఎత్తలేదు. అదే ఆటలో మగ ఫైటర్ పొడవు కోటు ఫైలు విప్పి ఎముకలు లెక్కపెట్టాను. ఇరవై నాలుగు.

మా బెంగాలీ టీమ్ లీడ్‌ని అడిగాను. "దాదా, బట్టకి ఎముకలు దండగ అన్నారు కదా?"

"ఆరే భాయ్, కొనేవాడు చూడాలనుకున్నది ఏదీ దండగ కాదు. సాయంత్రానికి పంపెయ్" అన్నాడు టీ ఊదుకుంటూ.

పంపాను. ఐదు సవరణలూ నా చేతులతోనే చేశాను. చీలిక అంచు బాగా కుదిరిందని మెచ్చుకున్నారు కూడా. అమ్మ చీర నీలం అంచు మాత్రం మార్చమనలేదు. అదొక్కటీ మిగిలింది.

కొన్ని నెలలకి అమ్మ ఊడ్చే రోడ్డులోనే, సైబర్ కేఫ్ గోడ మీద, ఎన్నికల రాతల పక్కన ఆ ఆట పోస్టరు వెలిసింది. ఆ రోజు పని నుంచి వచ్చి అమ్మ కాళ్లు కూడా కడుక్కోలేదు.

"ఆ నీలంచు నాదే గదరా?"

"అవునమ్మా."

"గోచీ ఏది?"

"వద్దన్నారు."

"అలగ కట్టుకుని నాలుగడుగులేస్తాదేటి అది? తన్నడం దేవుడెరుగు." గొంతు తగ్గించి అడిగింది. "నా ఫోటోలు తీసేసినావా?"

"తీసేసేనమ్మా."

మోడల్ తయారీకి వాడినవన్నీ కంపెనీకి అప్పగించాలన్నది ఒప్పందం. అప్పగించినవాటి జాబితా టైప్ చేసింది నేనే. ఏడో వరస: ఫోటోలు, నాలుగు. ముందు, వెనక, కుడి, ఎడమ.