ఏటికి వీపు పెట్టి

నేను కాపురానికి వచ్చేనాటికి మా మామ ఎమ్మిగనూరు అవతల ఏటి ఒడ్డు పల్లెలో నూలుకు రంగులద్దేవాడు. తుంగభద్రలో నూలు జాడించే ముందు, చేపలు కాళ్లకు అడ్డం రాకుండా దిగువన జొన్నరొట్టె ముక్కలు చల్లి, "ఆడ తినుకోండమ్మా" అనేవాడు. ఆకుల, బెరళ్ల రంగులున్నన్నాళ్లూ చేపలకేమీ కాలేదు.

ఏరు సన్నబడిన ఒక వేసవిలో, డబ్బాల్లో వచ్చే రసాయనాల సీమరంగు తెచ్చాడు. నూలు జాడించిన నీళ్లు రొట్టె దగ్గర మూగిన చేపల మీదికే పారాయి. కాసేపటికి అన్నీ వెల్లకిలా తేలాయి.

"నేనే పిలిస్తి కదమ్మా" అన్నాడు నాతో, తడి నూలు చేతిలోనే పట్టుకొని.

ఆ తర్వాత జాడించడమంతా పెరట్లోనే. ఒకసారి పొరుగూరికి పోతూ ఏటి ఒడ్డున సద్ది విప్పాం. మామ ఏటికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఇట్ల తిరుగు మామా, గాలొస్తాంది" అన్నాను.

"వద్దులేమ్మా. నా చేతిలో రొట్టె చూస్తే నమ్మి వస్తాయి."