కంప కొట్టిన గేటు

మా ఊరి బడికి రెండు గేట్లు. పెద్దది చెరువు వైపు, చిన్నది బస్సులు ఆగే రోడ్డు వైపు. చిన్న గేటుకు మేమే కంప కొట్టాం. దాని ఎదుటి గదిలో దొంగచాటుగా మందు సీసాలు అమ్మేవాళ్లు, తాగినవాళ్లు ఆ గేటు పట్టుకుని తూలేవాళ్లు. పిల్లలు జడుసుకుంటున్నారని ఆడవాళ్లమంతా తుమ్మకంప ఈడ్చుకొచ్చి అడ్డం పెట్టాం. మహా తెలివైన పని చేశామనుకున్నాను.

మొన్న ఎండాకాలం అదే గదిలోకి లైసెన్సు మందు అంగడే వస్తుందని తెలిసింది. నేను వార్డు మెంబర్ని, నా కూతురు చదివేది ఆ బడిలోనే. ఆ చిన్న గేటు ముందరే పెట్టిన గ్రామసభకు ఎక్సైజు సారు వచ్చాడు. గది యజమాని కూడా వచ్చి వెనక బైకు మీద కూర్చున్నాడు. ఆయనకు ఎదురు చెప్పినవాళ్ల చీనీతోటలో చెట్లు తెల్లారేసరికి నరికేసి ఉంటాయి. ఎవరు నరికారో ఎవరికీ తెలియదు.

సారు నిదానంగానే చెప్పాడు. "గలాటా అయితాదని తీర్మానం రాస్తే పైన నిలబడదమ్మా. దూరం చూపించండి. బడికి నూరు మీటర్ల లోపల అంగడి ఉండకూడదు. వాడకంలో ఉండే గేటు నుంచి, మనుషులు నడిచే దోవలో కొలుస్తాం."

పెద్ద గేటు దగ్గర టేపు పెట్టి చుట్టూ తిరిగి కొలిచారు. నూరు దాటింది.

"ఈ చిన్న గేటు?" అన్నాను.

"కంప కొట్టినారు కదమ్మా. వాడకంలో యాడుండాది?"

మేం తవ్విన గోతిలో మేమే పడ్డాం. వెనక బైకు మీద యజమాని నవ్వాడు. ఆడవాళ్లు నేల చూస్తున్నారు. నోరు మూసుకుని కూర్చోవే అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఎలా లేచానో తెలియదు, పోయి కంప పట్టి లాగాను. ముల్లు అరచేతిలో దిగింది. ఒక ముసలవ్వ "నువ్వొక్కదానివేనా తల్లీ" అంటూ వచ్చి ఇంకో కొస పట్టుకుంది. ఆ తర్వాతే మిగతావాళ్లు కదిలారు.

సారు మళ్లీ కొలిచాడు. నూరుకు చాలా లోపలే ఉంది. "ఈ పొద్దు తీస్తే చాలదమ్మా. బడి తెరిచినాక పిల్లోళ్లు రోజూ ఈ గేట్లోనే పోవల్ల. చెప్పకుండా వచ్చి చూస్తా. మళ్లా మూసినారంటే నేనేమీ చేయలేను."

అందరూ పోయాక యజమాని నా పక్కన బైకు ఆపాడు. "అయితే పాప ఈ గేట్లోనే పోతాది గదక్కా," అన్నాడు నవ్వుతూనే.

ఇప్పటికైతే అంగడి రాలేదు. ఆయన మాత్రం రోజూ పొద్దున ఆ గది అరుగు మీద కూర్చుంటాడు. బడి తెరిచిన రోజు తల్లులందరూ పిల్లల్ని పెద్ద గేటుకే పంపారు. వాళ్లను తప్పు పట్టను, నాకూ అంతే భయం. కానీ గేటు వాడకంలో ఉండాలి.

"అమ్మా, పెద్ద గేట్లో పోతా," అని నా కూతురు కొంగు పట్టుకుంటుంది. ఆ చెయ్యి విడిపించి, రోజూ చిన్న గేట్లోకి ముందుగా దాన్నే పంపిస్తాను.