పెనుకొండ ఎస్తేరు ప్రైవేటు

ఇంగ్లీషు వాళ్లకు ప్రైవేటు అంటే సొంతానిదట, పరాయివాళ్లకు పని లేనిదట. పెనుకొండకు వచ్చాక ఆ మాట ఎన్ని వేషాలు కట్టిందో వాళ్లకేం తెలుసు. బస్సు ప్రైవేటు, ఆసుపత్రి ప్రైవేటు, బడి ప్రైవేటు, సాయంత్రం ఇంట్లో చెప్పే పాఠమూ ప్రైవేటే. పది తప్పి మళ్లీ పరీక్షకు కట్టినవాళ్లూ ప్రైవేటే. ఈ ఆఖరి వేషం చూస్తేనే ఎస్తేరుకు ఒళ్లు మండేది.

ఎస్తేరు రాళ్లు కొట్టే ఇమ్మానుయేలు కూతురు. తొంభై మూడులో లెక్కలు తప్పి, మరుసటేడు ధర్మవరంలో ప్రైవేటుగా రాసింది. యూనిఫాం పిల్లలు నేరుగా లోపలికి పోయారు. యూనిఫాం లేనివాళ్లను గేటు దగ్గర నిలబెట్టి, జడలు విప్పించి మరీ చీటీలు వెతికారు. "ప్రైవేటోళ్లు కదా" అన్నాడు అక్కడి అయ్యవారు. ఆ అవమానం ఆమె మరిచిపోలేదు, మరిచిపోవాలనీ అనుకోలేదు.

పాసై, హిందూపురంలో డిగ్రీ చదువుతుండగా లైబ్రరీలో లావుపాటి నిఘంటువు దించి ఆ మాట పుట్టుక వెతికింది. లాటిన్‌లో దాని మూలానికి విడదీయడం, లేకుండా చేయడం అని అర్థాలు కనిపించాయి. పుట్టినప్పుడే ఇంత పాపిష్టిదా అనుకుని పుస్తకం మూసేసింది.

రెండువేల మూడుకల్లా ఆమె పెనుకొండలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. నూటికి నూరు పాసని ఏటా బ్యానరు కట్టుకోవడం కరస్పాండెంటు జయచంద్రకు పిచ్చి. పరీక్ష ఫీజు కట్టే రోజుల్లో గొర్రెలు మేపే చౌడక్క కూతురు సుధ పేరు ఆయన కొట్టేశాడు. లెక్కల్లో మొద్దు, ఇంకెక్కడైనా ప్రైవేటుగా రాసుకోమన్నాడు. చౌడక్క గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఒక్క పిల్ల కోసం బ్యానరు చెడగొట్టుకోమంటారా మేడం?" అన్నాడు జయచంద్ర.

"ఏడాదంతా మీ బెంచీ మీద కూసున్న పిల్ల సార్. ఆ పేరు కొట్టేస్తే నా పేరూ కొట్టేయండి."

లెక్కల టీచర్లకేం కరువా అని ఆయన రెండూ కొట్టేశాడు. ఇంట్లో ఆ జీతం తప్ప వేరే ఆదరువు లేదు.

"ఉద్యోగం పోగొట్టుకోని వస్తాండావా తల్లీ?" అన్నాడు ఇమ్మానుయేలు.

"పోగొట్టుకోల్యా నాయనా. ఇడిసిపెట్టి వస్తాండా."

వాళ్ల ఇల్లు బడి గేటుకు సరిగ్గా ఎదురు. మరునాడే ఎస్తేరు వీధి గోడకు సున్నం కొట్టి నీలిరంగుతో రాసింది: 'పేర్లు కొట్టేసిన పిల్లలకు ఇక్కడ ప్రైవేటు చెప్పబడును.' జయచంద్ర రోడ్డు దాటి వచ్చాడు. బడికి మచ్చ, తుడిపేయమన్నాడు.

"మీరు పిల్ల పేరు ఎట్ల కొట్టేస్తిరో కొట్టేస్తిరి. నా గోడ మీది రాత నేనెందుకు కొట్టేయల్ల సార్?"

సుధ ప్రైవేటుగానే పరీక్షకు కట్టి, చలికాలమంతా ఆ వసారాలో కూర్చుని లెక్కలు చేసింది. పరీక్షనాడు ఏ బట్టలు వేసుకోవాలని అడిగింది.

"ఆ బడి యూనిఫామే ఏసుకో. దానికి మీయమ్మ దుడ్లు కట్టిండాది" అంది ఎస్తేరు. గేటు దగ్గర సుధను ఎవరూ ఆపలేదు. ఆ పిల్ల లోపలికి పోయేదాకా చూసి, రోడ్డు మీదే ఎస్తేరు ఏడ్చింది.

ఫలితాలు వచ్చాయి. బడి మీద నూటికి నూరు బ్యానరు లేచింది. సుధ లెక్కల్లో కూడా గట్టెక్కింది. ఎస్తేరు మళ్లీ రంగు డబ్బా తీసి, గోడ మీది రాత కింద ఇంకో వరుస రాసింది: 'సుధ, ఎదుటి బడి పిల్ల, పాసు.'

జయచంద్ర ఆ ఏడాదంతా వెనక గేటు గుండానే బడికి వచ్చాడు.