నాలుగు తోలు పట్టీల బల్ల

కథలు చెప్పే మనిషిని కాను నేను. నలుగురిలో నోరు విప్పడమే నాకు కష్టం. ఇది మాత్రం జరిగింది... ఏ రోజుది ఆ రోజే డైరీలో రాసుకున్నాను. ఒక్క మాట కూడా కలపలేదు.

విస్సన్నపేట దగ్గర మామిడి తోటల మధ్య, మూతబడిన పాత పశు పరిశోధన కేంద్రం ఒకటుంది. అక్కడి ఆపరేషన్ సామాన్లను ప్రదర్శనకు పెడుతున్నారు. కత్తెరలు, ఎముక కోసే రంపాలు, కుక్కల్ని వెల్లకిలా కట్టే చెక్క బల్ల. ఒక్కోదానికీ కార్డు రాయడం నా పని.

ఆ సాయంత్రం ఫోటో కోసం, ఖాళీ బల్లకే నాలుగు తోలు పట్టీలూ బిగించి బకిళ్లు పెట్టాను. వాచ్‌మన్ దేవదానం తాత చూశారు. ఒకప్పుడు అక్కడ కుక్కల్ని కట్టిన అటెండరు ఆయనే.

"కట్టావా? అయితే నువ్వే విప్పు. కట్టిన చెయ్యే విప్పాలి. అప్పట్లో మా పద్ధతది."

"వేరేవాళ్లు విప్పితే ఏంటండీ?"

"ఏమో. ఎప్పుడూ విప్పనివ్వలేదు."

ఫోటో తీశాక నాలుగూ విప్పాను. నాకు బాగా గుర్తు.

చీకటి పడేసరికి గాలివాన. కరెంటు పోయింది. తోటలో కాయలు రాలుతున్నాయి... దబ్... దబ్... వాన తగ్గితేగాని ఇంటికి వెళ్లలేను. వరండాలో నేను, తాత, ఆయన కుక్క రాణి. ఆయనకు ఇంకెవరూ లేరు. దానికి పెట్టాకే తను తింటారు.

రాణి లేచింది. ఎప్పుడూ గడప తొక్కని ఆ బల్ల గదిలోకి వెళ్లింది. గోళ్ల చప్పుడు... టక్... టక్... ఆగిపోయింది.

ఫోన్ లైటు వేసుకుని వెళ్లాం.

బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. నాలుగు కాళ్లూ నాలుగు మూలలకు చాచి. పట్టీలు పక్కలకు వేలాడుతున్నాయి. కాళ్లకు ఏమీ లేదు. అయినా లేవలేకపోతోంది... ఊపిరి అందడం లేదు. పొట్ట కదలడం తగ్గుతోంది... ఇంకా తగ్గుతోంది...

తాత రెండు చేతులూ వేసి ఎత్తబోయారు. కదల్లేదు.

"నా వల్ల కాదమ్మా. నువ్వు విప్పు."

"విప్పే ఉన్నాయండీ."

"నాకూ కనపడతున్నాయిలే. విప్పు. చచ్చిపోద్ది."

గాలిలో వేళ్లు ఆడించాలంటే సిగ్గేసింది. అయినా మొదటి కాలు దగ్గర, లేని బకిలు విప్పాను. రెండోది. మూడోది...

వెనక ఎడమ కాలు దగ్గర వేళ్లకు ఇనుము తగిలింది. చల్లగా... బిగుతుగా. లైటులో అక్కడ రాణి బొచ్చు తప్ప ఏమీ లేదు. లాగాను... వదిలింది.

రాణి కిందికి దూకి తాత కాళ్ల మధ్య దూరింది.

"ఉరుముకి బెదిరిందేమోలే," అన్నారు తాత. "టీ పెడతా. పాలు లేవు మరి."

మర్నాడు బల్లకు కార్డు రాశాను. పేరు, చెక్క, తోలు, కొలతలు. చివరిసారి ఎప్పుడు వాడారు అన్న గడి దగ్గర ఆగాను. తాత పాత రిజిస్టరు తెచ్చి ఒక సంవత్సరం చూపించారు.

"ఇదే రాసెయ్," అన్నారు. నా వైపు చూడలేదు.

ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.